రేవు వాలు

కాలువలకు నీళ్ళు వదిలారంటే లాకులపాలెంలో సంతోషపడని మనిషి జమీలా ఒక్కతే. రైతులు నారుమళ్ళ కోసం, ఆడవాళ్ళు బట్టల మూటల కోసం, పిల్లలు ఈతల కోసం నీళ్ళొచ్చే దుగ్గిరాల వైపు చూస్తూ కూర్చుంటే, ఆమె మాత్రం ఇంకో వారం ఆలస్యమైతే ఏం పోయిందిలే అనుకునేది. అలా అనుకున్నందుకు తనను తానే తిట్టుకునేది కూడా. పదిమంది నోటికాడి కూడుకు అడ్డం పడే కోరిక కదా మరి.

వేసవిలో కాలువ కట్టేశాక చాకలిరేవు దగ్గర ఎడ్లబళ్ళూ ట్రాక్టర్లూ ఎండిన కాలువలోకి దిగి అవతలి రేవులో ఎక్కిపోతాయి. ఏళ్ళ తరబడి బళ్ళు నడిచి ఆ బాట సాగి సాగి మెత్తని వాలుకు వచ్చింది. పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడిన జమీలా తన మూడు చక్రాల బండి చేతి పెడళ్ళు తిప్పుకుంటూ, ఎవరినీ పిలవకుండా, ఆ బాటన బజారుకు పోయి వస్తుంది. కాలువ కట్టేసిన ఆ కాస్త కాలమే ఆమెకు ఊరు తనదిగా ఉండేది. మిగతా ఏడాదంతా మెట్ల వంతెన.

మెట్ల వంతెన ఆ ఊరికి పెద్ద గొప్ప. దొరల కాలంలో తెరచాప పడవలు ఉప్పూ ధాన్యమూ వేసుకుని కింద నుంచి పోయేవని అంత ఎత్తు లేపి కట్టారు. పడవలు పోయి చాలా కాలమైంది, ఎత్తు మాత్రం ఎత్తుగానే ఉండిపోయింది. చీమకుర్తి రాళ్ళ లారీలు తిరిగే రోడ్డు వంతెన ఇంకొకటి ఉంది గానీ, దాని దాకా పోయే గట్టు బాట వానాకాలమంతా మోకాలి లోతు బురద, ఎండినాక గోతులు. అందుకని జమీలాకు వంతెన అంటే అన్న బుడే వీపు. అతను ఆమెను వీపున వేసుకుని మెట్లెక్కి దించి వస్తాడు, తర్వాత పక్క బంకులో టీ కాచే బుల్లయ్యను పిలిచి చెరో వైపు పట్టుకుని బండిని దాటిస్తాడు. సాయంత్రం మళ్ళీ అదే తంతు. అన్నకు పంచర్ల పని తగ్గితేనే చెల్లెలికి బజారు.

ఈ ఏడు కృష్ణా పుష్కరాలు. ఎక్కడెక్కడి ఊళ్ళకో నిధులొచ్చినట్టే లాకులపాలానికీ వచ్చాయి. పాత వంతెనకు రంగులు వేసి, రెండు వైపులా ర్యాంపులు కడుతున్నారు. నడవలేని వాళ్ళ కోసమట. ఆ మాట విన్న రోజున జమీలా కుడుతున్న జాకెట్టుకు చెయ్యి తిరగేసి కుట్టింది.

"ఇక మీదట సెంటరు తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది" అంది రాజరాజేశ్వరి గారు. ఆవిడ హైస్కూల్లో టీచరు, బజారులో కుట్టు సెంటరు ఆవిడదే. "బడి తెరిచారు కదా, పొద్దున్నే నేను రాలేను. నువ్వొచ్చి తలుపులు తీసి, ఆడపిల్లలకు కటింగ్ నేర్పాలి. కానీ జమీలా, వేళకి రావాలి. మా అన్నకి తీరలేదండీ అంటే కుదరదు. అదయ్యే పని కాదంటే ఇప్పుడే చెప్పు, రెబ్కా ఎప్పటినుంచో అడుగుతోంది."

"వస్తానండి. ర్యాంపు వచ్చేసింది గదండీ."

"అదే నేనూ అనేది" అంటూ ఆవిడ తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. జమీలా దాన్ని జాకెట్టులోకి తోసుకుని, అప్పుడప్పుడూ పైనుంచి తడిమి చూసుకుంటూ బండి తిప్పుకుంది.

రేవు దాటుతుంటే ట్రాక్టరు మీద నుంచి ఎవరో అరిచారు. "నీళ్ళు సీతానగరం దాటాయంట! ఇక ఈ బాట మూతే!"

గట్టెక్కి చూసేసరికి తమ వైపు ర్యాంపుకు చెక్కలు ఊడదీసి ఉన్నాయి. తడిపిన గోనె పట్టాలు కప్పుకుని వంతెన నడుం మీద నుంచి బంకుల దాకా దిగింది. దిగింది అనడం కంటే దూకింది అనాలి. బజారు వైపు ర్యాంపు అలా లేదు. అక్కడ మునిసిపాలిటీ ఖాళీ స్థలం ఉంది గనుక సాగదీసి, అచ్చం రేవు బాటలాగా కట్టారు. ఇటువైపు బుల్లయ్య టీ బంకు, అన్న సైకిలు షాపు, దాని పక్కన ఇంకో రెండు బంకులు ఉన్నాయి. ర్యాంపు వాటి ముంగిట ఠక్కున ఆగిపోయింది. జమీలా బండి ఆపి చాలాసేపు దానికేసి చూసింది.

బుడే ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వెతుకుతున్నాడు. చెల్లెల్ని చూసి తడి చెయ్యి ఊపాడు. "చూశావా? ఇక నా వీపుకి పెన్షనే!"

"నిటారుగా ఉందేంటన్నయ్యా?"

"కొత్తది గదా, అలాగే కనబడుద్ది" అన్నాడు బుడే, మళ్ళీ తొట్టిలోకి వంగి.

మర్నాడు పొద్దున్నే మునిసిపాలిటీ ఏఈ రాఘవ వచ్చాడు. పడుచువాడు, మర్యాదస్తుడు. ఎల్లుండి చైర్మన్ గారు ప్రారంభిస్తారనీ, రిబ్బను కత్తిరించగానే మొట్టమొదట జమీలాయే ఎక్కాలనీ, ఫోటోగ్రాఫరు పొన్నూరు నుంచి వస్తాడనీ చెప్పాడు. ఒకసారి ఇప్పుడే ఎక్కి చూద్దామన్నాడు. గోనె పట్టాలు లాగేశారు. బంకుల వాళ్ళూ, నీళ్ళ బిందెలతో వచ్చిన ఆడవాళ్ళూ చుట్టూ మూగారు.

జమీలా కొంగు నడుముకు దోపుకుని పెడళ్ళు పట్టింది. మొదట బండి బాగానే కదిలింది. నాలుగు తిప్పులు తిప్పేసరికి భుజాలు పట్టేశాయి. దవడలు బిగించి ఇంకోటి తిప్పింది. ముందు చక్రం తేలికైపోయి అటూ ఇటూ కొట్టుకుంది. పెడలు కిందికి రానంటోంది, చేతులు మీదికి పోనంటున్నాయి. ఒక్క క్షణం బండి ఎటూ పోకుండా నిలబడి, తర్వాత వెనక్కి జరగడం మొదలుపెట్టింది. వెనకాల ఏముందో ఆమెకు తెలుసు. ఒక పక్క రోడ్డు, ఇంకో పక్క ఇంకా కటకటాలు బిగించని కాలువ అంచు. 

బండి వీపు పలక మీద రెండు చేతులు ఆనాయి. "నేనున్నాగా" అన్నాడు బుడే. బండి సర్రున మీదికి పోయింది. పైకి చేరగానే జనం చప్పట్లు కొట్టారు. బుల్లయ్య ఈల వేశాడు.

రాఘవ ఎక్కి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. బుడే కాస్త ఎడంగా కటకటాల రాడ్లు చూస్తున్నాడు. "సరిపోయిందా అమ్మా?" అని అడిగి, రాఘవ గొంతు తగ్గించాడు. "నాకు తెలుసు, వాలు ఎక్కువే. మొదట గీసిన ప్లాను ఇది కాదు. కింద నాలుగు బంకులూ తీస్తే గానీ పొడుగు రాదు. మీ అన్నగారూ వాళ్ళూ కలిసి వచ్చి బతిమాలారు. మా చెల్లెలి కోసమే గదండీ కట్టేది, నేనే నెడతాను, మా షాపు తియ్యొద్దన్నారు. మీరు చాలదంటే చెప్పండి, ఇప్పుడే ఆపుతాను."

జమీలా కిందికి చూసింది. సైకిలు షాపు రేకుల మీద అన్న పడేసిన పాత టైర్లు కనిపించాయి. కింద నిలబడ్డ బంకుల వాళ్ళంతా ఆమె నోటికేసే చూస్తున్నారు. వదిన షాజాదీ కొంగు నోట్లో కుక్కుకుని మరీ చూస్తోంది.

"సరిపోయింది సార్" అంది జమీలా.

ఆ రాత్రి షాజాదీ పండగకు చేసినంత సంబరంగా సేమ్యా చేసింది. జమీలా గిన్నెలో స్పూను తిప్పుతూ కూర్చుంది.

"నన్నొక మాట అడగొచ్చుగా అన్నయ్యా" అంది చివరికి.

బుడేకి అర్థమైంది. మింగుతున్నది ఆపాడు. "అడిగితే ఏం చెప్పేదానివి? షాపు తీసెయ్యమనేదానివా?"

"ఏమో. అడిగితే తెలిసేది."

"నేను నెట్టనన్నానా? ఇన్నేళ్ళు మోసినోణ్ణి ఆ మాత్రం నెట్టలేనా? మోసేదానికంటే నెట్టేది తేలికేగా!"

"నువ్వు నెట్టేదానికైతే మెట్లేం పాపం చేశాయి? అక్కడా నువ్వే, ఇక్కడా నువ్వే. పొద్దున్నే నీకు బేరం ఉంటే నేను కింద కూర్చోవాలి. నీకు జొరమొస్తే ఇంట్లో కూర్చోవాలి. తాళంచెవి నా దగ్గర ఎందుకు మరి, నీకే ఇస్తాను."

"ఆ షాపు పోతే నీ తాళంచెవితో ఇల్లు నడుస్తదా?" అని అరిచాడు బుడే. అరిచాక తనకే బాగనిపించలేదు కాబోలు, చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. షాజాదీ గిన్నెలు ఎత్తుతూ, "ఇద్దరిదీ ఒకటే మొండి" అని గొణిగింది. జమీలాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అన్న మీద రావాలో తన మీద రావాలో తెలియని కోపం కావడంతో అది లోపలే తిరుగుతూ ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం జక్రయ్య పడ్డాడు.

జక్రయ్యకు చీమకుర్తి క్వారీలో రాయి కింద కాలు పోయింది. అప్పటినుంచీ చంక కర్రల మీద తిరుగుతూ బజారులో బడి ముందు బఠాణీలు అమ్ముకుంటున్నాడు. ఇన్నాళ్ళూ మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క మెట్టూ జరిగి దిగేవాడు. ఆ రోజు కొత్త ర్యాంపు మీదుగా నిలబడి దిగుదామనుకున్నాడు. జమీలా సైకిలు షాపు ముందే ఉంది, అంతా ఆమె కళ్ళెదుటే జరిగింది. పైన నాలుగడుగులు బాగానే వేశాడు. తర్వాత కర్రలు అతని కంటే ముందు పరిగెత్తాయి. మనిషి దొర్లి దొర్లి బుల్లయ్య బంకు బల్ల కాలికి కొట్టుకుని ఆగాడు. బఠాణీలు రోడ్డంతా చల్లినట్టయ్యాయి.

"పట్టపగలే ఏసుకొచ్చినట్టున్నాడు" అన్నాడు బుల్లయ్య.

"అంతే అయ్యుంటది" అన్నాడు బుడే, జక్రయ్యను చంకల కింద పట్టి లేపుతూ.

జక్రయ్య పెదవి చీలింది, మణికట్టు వంకర తిరిగింది. అతను తాగడని అక్కడున్న అందరికీ తెలుసు. ప్రతి ఆదివారం చర్చిలో తాగుడు మానమని సాక్ష్యం చెప్పేది అతనే. రిక్షా ఎక్కిస్తుంటే అతను జమీలాకేసి తిరిగాడు. నిష్టూరంగా కూడా అనలేదు, మామూలుగానే అన్నాడు. "నువ్వు సరిపోయిందన్నావంట గదమ్మా. నీకే సరిపోయినాక నాకేంలే అని దిగాను."

రిక్షా కదిలింది. జమీలా ముఖం ఎవరికీ చూపించలేక బండి అటు తిప్పుకుంది. తను ఇచ్చింది తన సొంత మాట అనుకుంది. కాలు లేని ప్రతివాడి తరఫునా ఇచ్చేసిందని అప్పటిదాకా తోచనే లేదు.

సాయంత్రం రాఘవ షామియానా వేయించడానికి వస్తే బండి అడ్డం పెట్టింది. "సార్, అది చాలదు. నేను తప్పు చెప్పాను."

రాఘవ ముఖం మాడింది. "నిన్ననే కదమ్మా బాగుందన్నారు! నేను పైవాళ్ళకి చెప్పేశాను. రేపు చైర్మన్ గారు వస్తున్నారు. పుష్కరాలు కానివ్వండి, చూద్దాం."

"పుష్కరాలు పోయాక ఎవరు చూస్తారు సార్?"

అతను షామియానా వాళ్ళను కేకేస్తూ వెళ్ళిపోయాడు. షాపులో బుడే సుత్తితో రిమ్ము వంకర తీస్తున్నాడు. ఆ మాటలన్నీ అతనికి వినబడ్డాయి. సుత్తి దెబ్బలు కాసేపు ఆగి, ఇంకా గట్టిగా మొదలయ్యాయి.

తెల్లవారగానే నీళ్ళు వచ్చాయి. ముందు నురగా, ఎండుటాకులూ, చెప్పులూ, చితుకులూ నెట్టుకుంటూ ఎర్రటి నీరు నెమ్మదిగా పాకింది. పిల్లలు దాంతో పాటు గట్టు మీద పరిగెత్తారు. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా చల్లి దణ్ణం పెట్టారు. చాకలిరేవులో ట్రాక్టరు చక్రాల గాడులు ఒకటొకటే నిండి, బాట కనబడకుండా పోయింది. జమీలా గట్టు మీద కూర్చుని అది పూర్తిగా మునిగేదాకా చూసింది. ఇక ఉన్నది ఆ ర్యాంపే.

చైర్మన్ గారు రిబ్బను కత్తిరించారు. చారిత్రక పట్టణమనీ, కాళ్ళు లేని వారికి కాళ్ళమవుతామనీ మైకులో చెప్పారు. జమీలా మెడలో బంతిపూల దండ వేశారు. అది పెడళ్ళకు అడ్డం పడుతోందని ఆమె తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఫోటోగ్రాఫరు పైన నిలబడి కెమెరా ఎత్తాడు. వెనక బుడే తెల్ల చొక్కా వేసుకుని, వీపు పలక మీద చేతులు ఆనించి సిద్ధంగా ఉన్నాడు. రెండు రోజులుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

బండి కదిలింది. సగం దూరం వచ్చేసరికి ఆమె చేతులు అలసిపోయాయి, అన్న చేతులు పని అందుకున్నాయి.

"చేతులు తియ్యన్నయ్యా" అంది జమీలా, తల తిప్పకుండా.

"పిచ్చా నీకు? అందరూ చూస్తున్నారు."

"చూడనీ. తియ్యి."

"తియ్యను" అన్నాడు బుడే.  "తీస్తే పడతావు."

ఆమె బ్రేకు లాగింది. బండి ర్యాంపు నడిమధ్యలో ఆగింది. చప్పట్లు అక్కడొకటి ఇక్కడొకటి మోగి చల్లారాయి.  జమీలా అరవాలనుకుంది గానీ మాట మామూలుగానే బయటికొచ్చింది. జనం ఊపిరి బిగబట్టి ఉండడంతో అందరికీ వినబడింది.

"సార్, దీన్ని నేను ఎక్కట్లేదు. మా అన్న ఎక్కిస్తున్నాడు. ఆయన చేతులు తీస్తే కాలవలో ఉంటాను. నిన్న జక్రయ్య పడింది తాగి కాదు. మొన్న నేను సరిపోయిందని అబద్ధం చెప్పాను, అందుకని పడ్డాడు."

చైర్మన్ గారి నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. "ఏంటయ్యా ఏఈ ఇది?" అన్నారు పళ్ళ మధ్య నుంచి. రాఘవ నేల చూపులు చూశాడు, ఆమెకేసి చూశాడు. "నిజమేనండి" అన్నాడు చివరికి. "పొడుగు చాలదు. బంకులు తీయాల్సి వస్తుందని తగ్గించాం."

"మా నోట్లో మట్టి కొట్టిందిరా నీ చెల్లెలు!" కింద నుంచి బుల్లయ్య కేకేశాడు. "ఒరేయ్ బుడే, ఇన్నాళ్ళూ మోసింది దీనికేనంట్రా!"

 బుడే బండిని మీదికి నెట్టలేదు. వెనక్కి దించడం మొదలుపెట్టాడు. జమీలా బ్రేకు కాస్త కాస్త వదులుతుంటే, బరువంతా ఛాతీ మీద ఆనించుకుని, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తున్నాడు. సగం దిగాక అతని చెప్పు సిమెంటు దుమ్ములో జారింది. ఒక మోకాలు నేలకు తగిలింది. బండి ఇంకా కటకటాలు పడని కాలువ అంచువైపు మళ్ళింది. జమీలా రెండు చేతులతో బ్రేకు బిగించింది, ఎవరో ఆడమనిషి కెవ్వున అరిచింది. బుడే మోకాలి మీదే బండిని ఆపాడు. అతని ఊపిరి ఆమె మెడకు వేడిగా తగులుతోంది. అలా కొంతసేపు ఇద్దరూ కదల్లేదు. కింద ఎర్రనీరు చప్పుడు చేసుకుంటూ పోతోంది.

మర్నాడు రాఘవ కూలీలతో, టేపుతో, సున్నం బుట్టతో వచ్చాడు. ర్యాంపు కొసను పగలగొట్టి పొడిగించమని చైర్మన్ గారే చెప్పారట. నాలుగు బంకులకూ మార్కెట్టు వెనక చోటు చూపిస్తామన్నారు. చూపిస్తామన్న మాటకు బుల్లయ్య కాండ్రించి ఉమ్మేశాడు. జమీలా రాకూడదనుకుంది, రాకుండా ఉండలేకపోయింది. వచ్చి అల్లంత దూరంలో బండి ఆపింది. పొద్దున్న ఇంట్లో ఆమెకు టీ ఇచ్చింది వదిన. ఇచ్చింది గానీ ముఖం చూడలేదు.

కూలీ సున్నం చల్లుకుంటూ వచ్చాడు. గీత బుల్లయ్య బంకు దాటింది. బుడే షాపు గడప దగ్గరికి వచ్చి ఆగింది. రాఘవ టేపు చుట్టుకుంటూ, "ఇక్కడికి ఆపేద్దాం. ఫరవాలేదు, సరిపోతుంది. మీ షాపు ఉంటుంది" అన్నాడు బుడేతో. అతను నిజంగా మంచి చేస్తున్నాననే అనుకున్నాడు.

బుడే మోకాలికి కట్టు ఉంది. కుంటుకుంటూ గీత దగ్గరికొచ్చి చూశాడు. నిన్నటి నుంచీ నోరు విప్పని మనిషి అప్పుడు విప్పాడు. "మొన్న కూడా ఇలాగే నాకోసం ఆపారు గదండీ. నాలాంటోడి కాలే జారింది దాని మీద." కట్టు కట్టిన మోకాలు చూపించాడు. "నన్నెందుకండీ అడుగుతారు? ఎక్కే మనిషి అక్కడుంది. అడగండి."

అందరూ ఇటు తిరిగారు. బుడే మాత్రం తిరగలేదు, షాపుకేసి చూస్తూ నిలబడ్డాడు. వాకిట్లో గాలి పంపు, నీళ్ళ తొట్టి, తాటాకు నీడన ఒక పాత సైకిలు బోర్లా పెట్టి ఉన్నాయి.

జమీలా బండి తిప్పుకుంటూ గీత దాకా వచ్చింది. అక్కడి నుంచి వంతెన నడుం దాకా కళ్ళతో కొలిచింది. చాలదు. ఎలా చూసినా చాలదు. సరిపోయిందనడం ఎంత తేలికో ఆమెకు తెలుసు, ఒకసారి అనేసింది. అన్న వెనకనుంచి ఎలా కనిపిస్తున్నాడో చూడకూడదనుకుంది. చొక్కా భుజం దగ్గర, ఇన్నేళ్ళు ఆమె పట్టుకున్న చోట, పాలిపోయి ఉంది. 

"ఇంకా కిందికి రావాలి సార్" అంది.

"ఎందాకా?" అన్నాడు రాఘవ.

ఆమె చెయ్యి చాపి చూపించింది. షాపును దాటి, అవతలి రెండు బంకులను కూడా దాటి ఆ చెయ్యి ఆగింది.  కూలీ బుట్ట పట్టుకుని ఏఈకేసి చూశాడు, ఏఈ బుడేకేసి చూశాడు.

బుడే వంగి గాలి పంపు పక్కకు తీశాడు. నీళ్ళ తొట్టి ఒంపేశాడు. బోర్లా పెట్టిన సైకిలు తిరగేసి రోడ్డు వారకు నడిపించుకెళ్ళి స్టాండు వేశాడు. తర్వాత షాపు వాకిట్లో ఖాళీ అయిన నేలను కాలితో చదును చేసి, "రావయ్యా, ఇటు" అని కూలీని పిలిచాడు.